కాంటొనీస్ టోన్లకు తెలుగు చెవిని అలవాటు చేసుకోవడం ఎలా

బెంగళూరులో పనిచేస్తూ హాంకాంగ్, మకావు, గ్వాంగ్‌జౌ కార్యాలయాలతో రోజూ మాట్లాడవలసి వచ్చే తెలుగువారు, లేదా బదిలీ మీద అక్కడికి వెళ్ళబోయేవారు, కాంటొనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టాక ఎక్కువగా తడబడేది వ్యాకరణం దగ్గర కాదు, టోన్ల దగ్గర, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాల దగ్గర. ‘సి’ అన్న ఒక్క అక్షరాన్నే తీసుకుంటే, గొంతు ఎత్తులో నిలిపి పలికితే కవిత్వం, కింది నుంచి బాగా పైకి లేపితే చరిత్ర, మధ్యలో నిలిపితే ప్రయత్నించడం, అడుక్కి దించితే సమయం, అడుగు నుంచి కొద్దిగా మాత్రమే లేపితే బజారు, కిందిస్థాయిలో నిలకడగా పలికితే పని లేదా విషయం అని అర్థం. ఈ ఆరింటిని వరుసగా ఒకటి నుంచి ఆరు వరకు అంకెలతో గుర్తించడం కాంటొనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాయడానికి హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో రూపొందించిన జ్యుత్‌పింగ్ పద్ధతి. ప్, త్, క్‌లతో ఆగిపోయే పొట్టి అక్షరాల టోన్లను వేరుగా లెక్కపెట్టే పాత సంప్రదాయం ప్రకారం ఇవి తొమ్మిది. కాని ఆ మూడూ ఒకటి, మూడు, ఆరు టోన్ల ఎత్తులోనే ఉంటాయి కనుక నేర్చుకునేవారికి ఆరు చాలు.

సాధన ఎలా చెయ్యాలో చెప్పే ముందు, మెదడు ఈ ఎత్తుపల్లాలను ఎలా పట్టుకుంటుందో కొంత తెలుసుకోవడం అవసరం. అది తెలియనివారు తమ చెవే మొద్దని నమ్మి మానేస్తారు. నిజానికి లోపం చెవిలో ఉండదు.

చెవి నుంచి మెదడు దాకా

మాట్లాడేటప్పుడు మగవారి స్వరతంత్రులు సాధారణంగా సెకనుకు వంద పైచిలుకు సార్లు, ఆడవారివి రెండు వందల సార్ల చుట్టుపక్కల కంపిస్తాయి. ఈ కంపన వేగమే మనకు గొంతు ఎత్తుగా వినిపిస్తుంది. లోపలి చెవిలోని కర్ణావర్తంలో ఒక్కొక్క పౌనఃపున్యానికి పొర మీద ఒక్కొక్క చోట స్పందన ఎక్కువగా ఉంటుంది. దానితో పాటు శ్రవణ నాడి కూడా ధ్వని తరంగాల లయకు అనుగుణంగా సంకేతాలు పంపుతుంది. అసలు కంపన పౌనఃపున్యం ధ్వనిలో లేకపోయినా, దాని గుణిజాల ఆధారంగా మెదడు దాన్ని తిరిగి కట్టుకోగలదు. పాతకాలపు టెలిఫోను సుమారు 300 హెర్ట్జ్ కన్నా కింది ధ్వనిని పంపేదే కాదు, అయినా 120 హెర్ట్జ్‌లో మాట్లాడే నాన్నగారి గొంతు ఆడగొంతుగా మారి వినిపించలేదు కదా! ఇంతవరకు జరిగే పని తెలుగువారికీ హాంకాంగ్‌వారికీ సమానమే.

తేడా ఆ తరువాత, అయినా మనం అనుకునే దానికన్నా ముందుగానే మొదలవుతుంది. తల మీద ఎలక్ట్రోడ్లు అమర్చి మస్తిష్క కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే అడుగు భాగం, బ్రెయిన్‌స్టెమ్) ప్రతిస్పందనను కొలిస్తే, అది వినిపించిన ధ్వని ఎత్తు ఎలా మారుతోందో అలాగే తానూ మారుతూ కనిపిస్తుంది. 2005లో కృష్ణన్, గాండర్, వారి సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, చైనాలోని మరో టోన్ భాష మాండరిన్ టోన్లను ఈ స్థాయిలో మాండరిన్ మాతృభాషీయులు ఇంగ్లీషువారి కన్నా స్పష్టంగా అనుసరించారని తేలింది. అంటే ఏళ్ళ తరబడి మాట్లాడిన భాష, మనం ఆలోచించి అర్థం చేసుకునే భాగాలకు చాలా దిగువన ఉన్న యంత్రాంగాన్ని కూడా తన అవసరానికి తగినట్టు మలుచుకుంటుంది. అక్కడి నుంచి సంకేతం మెదడు రెండు వైపులా ఉన్న శ్రవణ వల్కలాలకు, అంటే ధ్వనిని గ్రహించే పై పొరలకు చేరుతుంది. సంగీతంలోనూ భావోద్వేగాల్లోనూ గొంతు ఎత్తును గమనించడంలో కుడి అర్ధగోళానిది పెద్ద పాత్ర. అయితే ఆ ఎత్తు మాటకు అర్థాన్నిచ్చేదైతే ఎడమ అర్ధగోళం కూడా గట్టిగా పూనుకుంటుంది. 1973లో వాన్ లాంకర్, ఫ్రామ్‌కిన్ రెండు చెవులకు ఏకకాలంలో వేర్వేరు మాటలు వినిపించి చూసినప్పుడు, థాయి మాతృభాషీయులు టోన్ తేడా ఉన్న మాటలను కుడిచెవితో, అంటే ప్రధానంగా ఎడమ అర్ధగోళంతో, మెరుగ్గా గుర్తించారు. అవే ఎత్తుపల్లాలు మాట లేకుండా కూనిరాగంగా వినిపిస్తే ఆ ఆధిక్యం కనిపించలేదు. ఇంగ్లీషువారికి టోన్ మాటల్లో కూడా అది లేదు.

మన సమస్య సరిగ్గా ఇదే. ‘వచ్చాడు’ అన్న మాటను చివర లేపి పలికితే ప్రశ్న అనీ, దించి పలికితే కబురు అనీ, విసిరి పలికితే కోపం అనీ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలుగు మెదడు గొంతు ఎత్తును విననే వినదని కాదు, ఎంతో సూక్ష్మంగా వింటుంది. విని, దాన్ని మాటకు కాక మాటతీరుకు జమ కడుతుంది. మాటోక్, బర్నామ్ 2006లో చూపినట్టు, ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసివారు ఆరు నెలల వయసులో టోన్ల తేడాను బాగా గుర్తించి తొమ్మిది నెలలకు ఆ పట్టు కోల్పోతారు, చైనీస్ పిల్లలు నిలబెట్టుకుంటారు. కనుక సాధనలో మనం చెయ్యవలసినది చెవికి పదును పెట్టడం కాదు, జమ కట్టే పద్దు మార్చడం.

పెద్దయ్యాక అది సాధ్యమేనా అన్న సందేహానికి 1999 నాటి ఒక ప్రయోగం జవాబిచ్చింది. వాంగ్, స్పెన్స్, జాంగ్మన్, సెరెనో అమెరికన్ విద్యార్థులకు రెండు వారాల్లో ఎనిమిది విడతలుగా మాండరిన్ టోన్ల శిక్షణ ఇస్తే, సరిగా గుర్తించే శాతం సగటున 21 పాయింట్లు పెరిగింది, ఆరు నెలల తరువాత కూడా ఆ లాభం నిలిచింది.

ఒక గొంతుతో మొదలుపెట్టాలా, పది గొంతులతోనా

ఆ శిక్షణలో ఒకే మాటను పలువురి గొంతుల్లో వినిపించారు. అప్పటి నుంచి ‘ఎన్ని గొంతులు వింటే అంత మంచిది’ అన్న సలహా అన్ని చోట్లా కనిపిస్తుంది, కాని అందరికీ అది సరిపోదు. పెరాకియోన్, వాంగ్ బృందం 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మొదటి నుంచీ ఎత్తుపల్లాలను చక్కగా గుర్తించగలవారికి కలగాపులగపు గొంతులు మేలు చేస్తాయి. ఆ శక్తి తక్కువగా ఉన్నవారికి అదే శిక్షణ ఆటంకమవుతుంది. కనుక ముందుగా మీరు ఏ కోవకు చెందుతారో చూసుకోండి. కాంటొనీస్ నిఘంటువు ఆప్‌లలో దొరికే ఉచ్చారణలను తీసుకుని, ఒకటి, రెండు, నాలుగు టోన్ల మాటలు కొన్ని వరుస లేకుండా మరొకరి చేత వినిపించుకోండి. అర్థం జోలికి పోకుండా, ప్రతిదీ నిలిచిందా, లేచిందా, దిగిందా అని మాత్రం రాయండి. పెద్దగా కష్టపడకుండా చాలావరకు సరిగా రాయగలిగితే వేర్వేరు ఆడ, మగ గొంతులను కలిపి సాధన చెయ్యండి. తడబడుతుంటే ఒక విడతలో ఒక్క గొంతునే వినండి. ఆ గొంతులో టోన్లన్నీ కుదురుకున్నాకే రెండోదానికి వెళ్ళండి, గొంతులను కలపడం ఆఖరు మెట్టు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారు ఈ పరీక్షలో ముందుంటే ఆశ్చర్యపోనక్కరలేదు. 2007లో పాట్రిక్ వాంగ్, నీనా క్రాస్ బృందం మాండరిన్ తెలియని ఇంగ్లీషువారి మీద చేసిన ప్రయోగంలో, సంగీతం అభ్యసించినవారి మస్తిష్క కాండం మాండరిన్ టోన్లను మిగతావారి కన్నా నమ్మకంగా అనుసరించింది. అయితే సంగీతం వచ్చినవారు పడే గొయ్యి కూడా ఒకటి ఉంది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

టోన్ స్వరస్థానం కాదు

ఒకటో టోన్‌ను పంచమం అనీ, మూడో టోన్‌ను గాంధారం అనీ స్థిరపరచుకుని సాధన చెయ్యకండి. టోన్లకు స్థిరమైన ఎత్తు లేదు. చావో యువాన్‌రెన్ 1930లో ప్రవేశపెట్టిన అయిదు మెట్ల కొలతలో కాంటొనీస్ టోన్లను 55, 25, 33, 21, 23, 22 అని రాస్తారు. ఇందులో 5 అంటే ఆ మనిషి మాటల్లో పైకొస, 1 అంటే అడుగు. అందరికీ వర్తించే హెర్ట్జ్ లెక్క ఏదీ ఇందులో లేదు. ఒకటిన్నర శ్రుతిలో ఒక గాయకుడు పాడినా, అయిదు శ్రుతిలో ఒక గాయని పాడినా మోహనను మోహనగానే గుర్తుపట్టినట్టు, కాంటొనీస్ మెదడు ప్రతి మనిషి గొంతుకూ ఒక షడ్జం వెతుక్కుని మిగతావన్నీ దానితో పోల్చి వింటుంది. కచేరీలో తంబురా ఆ షడ్జాన్ని వినిపిస్తూనే ఉంటుంది, మాటల్లో దాన్ని వినేవారే చుట్టూ ఉన్న మాటల నుంచి ఊహించుకోవాలి. పైగా వాక్యం సాగే కొద్దీ ఊపిరి తగ్గి గొంతు మెల్లగా దిగుతుంది కనుక ఆ ఆధారం కూడా కదులుతూ ఉంటుంది. వాక్యం చివరి ఒకటో టోన్ వాక్యం మొదట్లోని ఒకటో టోన్ కన్నా కింద ఉండడం మామూలే.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. వాంగ్, డీల్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో చివరి మాటను ఏమాత్రం మార్చకుండా, దాని ముందున్న వాక్యాన్ని మాత్రం పైకో కిందికో జరిపి వినిపించారు. ముందు వాక్యం దిగితే అదే మాట ఎత్తు టోన్‌గా, ముందు వాక్యం లేస్తే అదే మాట కింది టోన్‌గా హాంకాంగ్‌వారికి వినిపించింది. మెదడులో దీనికి ఆధారం కూడా దొరికింది. 2017లో ఎడ్వర్డ్ చాంగ్ బృందం మూర్ఛ చికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులకు ఇంగ్లీషు వాక్యాలు వినిపించినప్పుడు, కణత వైపున్న శ్రవణ ప్రాంతంలో కొన్ని చోట్లు గొంతు అసలు ఎత్తుకు కాక, ఆ మనిషి సగటు ఎత్తుతో పోల్చిన ఎత్తుకు స్పందించాయి. టోన్ భాష రాని మెదడులోనే ఆ సామర్థ్యం ఉంది.

అందువల్ల ఒంటి అక్షరాల పట్టికలు వింటూ నెలలు గడపడం నా దృష్టిలో దండగ. మొదటి వారం పది రోజుల తరువాత ప్రతి మాటనూ ఒక చిన్న వాక్యంలో పెట్టి వినండి: ఒకే మనిషి, ఒకే వాక్యం, చివరి మాట మాత్రం మారుతుంది. ‘ఈ అక్షరం చదువుతాను’ అన్న అర్థమిచ్చే వాక్యాన్ని హాంకాంగ్ సహోద్యోగి చేత ఆరు టోన్లతోనూ రికార్డు చేయించుకుంటే చాలు. టోన్లలో ముందు దిశ తెలిసేవాటిని, అంటే లేచే రెండో టోన్‌నూ దిగే నాలుగో టోన్‌నూ పట్టుకోండి. నిలకడ టోన్లలో ఒకటి, మూడింటి మధ్య దూరం ఎక్కువ, మూడు, ఆరుల మధ్య తక్కువ. మూడు, ఆరులను వేరు చెయ్యడం అందరికీ చివర వచ్చేదే, మొదటే దాని మీద పడి ఉత్సాహం చంపుకోనక్కరలేదు. హాంకాంగ్ యువతలో కొందరు రెండు, అయిదు టోన్లను, మరికొందరు మూడు, ఆరులను, ఇంకొందరు నాలుగు, ఆరులను కలిపేస్తున్నారని భాషాశాస్త్రవేత్తలు నమోదు చేశారు కూడా.

రోజూ ఒక అరగంటకు మించి అవసరం లేదు. వీలైతే రాత్రి భోజనం తరువాత చెయ్యండి: కాంటొనీస్ నిలకడ టోన్లను నేర్చుకున్న మాండరిన్‌వారి మీద చిన్, జాంగ్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సాయంత్రం శిక్షణ పొంది నిద్రపోయినవారికి కొత్త గొంతుల్లోనూ టోన్లను గుర్తించడం మెరుగయ్యే ధోరణి కనిపించింది, పొద్దున శిక్షణ పొందినవారికి కనిపించలేదు. సిల్క్ బోర్డు కూడలిలో బస్సు ఆగినప్పుడల్లా ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం సాధన కిందికి రాదు. ఆ రొద గొంతు గుణిజాలను కప్పేస్తే మెదడుకు పోల్చుకునే సామగ్రే అందదు.

పలకడం

వినడం కుదిరిన తరువాత పలకడానికి ఒక తయారు వరుస ఉంది. మూడు, తొమ్మిది, నాలుగు, సున్నా, అయిదు, రెండు అన్న అంకెల పేర్లు కాంటొనీస్‌లో వరుసగా ఒకటి నుంచి ఆరు టోన్లలో ఉంటాయి: సామ్1, కౌ2, సేయ్3, లిఙ్4, ఙ్5, యీ6. వెంటనే ఏడు, ఎనిమిది, ఆరు కలిపితే (ఛత్1, పాత్3, లుక్6) పొట్టి టోన్లు మూడూ వచ్చేస్తాయి. టోన్లను గుర్తుంచుకోవడానికి 394052786 అన్న ఈ వరుసను చాలామంది వాడుతారు. కొత్త మాట ఎదురైనప్పుడు దాన్ని ఈ తొమ్మిదింటిలో ఏ అంకెకు జత చెయ్యాలో చూసుకుంటే, టోన్ మాటలోనే భాగంగా గుర్తుంటుంది.

ఇక్కడ తెలుగువారికి ఒక మేలూ ఒక కీడూ ఉన్నాయి. ప, ఫ; క, ఖ భేదం మనకు తెలుసు, కాంటొనీస్‌కు కావలసింది అదే. అయితే జ్యుత్‌పింగ్‌లో రోమన్ అక్షరం ‘బి’ చూడగానే మనం బ అంటాం, నిజానికి అది ప. అలాగే ‘జి’ అన్న రోమన్ అక్షరం క, ‘డి’ అన్నది త. ఇది ఉచ్చారణ శుద్ధి కోసం చెప్పే మాట మాత్రమే కాదు: బ, ద, గ వంటి నాదాక్షరాలు వాటి వెనక వచ్చే అచ్చు ఎత్తును కొద్దిగా కిందికి లాగుతాయి, దాంతో మీ ఒకటో టోన్ మూడో టోన్‌లా మొదలవుతుంది. ఈ లాగుడే పంజాబీలో టోన్లకు జన్మనిచ్చింది. అక్కడ గుర్రాన్ని ‘ఘోడా’ అని రాసి, క ధ్వనితో గొంతు దించి పలుకుతారు, అదే నిలకడగా పలికితే కొరడా. మీ ఆఫీసులో పంజాబీ స్నేహితులుంటే ఈ జంటను వినిపించమనండి. బెంగళూరులో ఉన్న సౌకర్యం ఏమిటంటే రెండు టోన్ల మణిపురి, నాలుగు టోన్ల మిజో మాతృభాషగా ఉన్నవారు కూడా మన మధ్యే ఉన్నారు. టోన్ అంటే ఏమిటో మనిషి నోట నేరుగా వినడానికి హాంకాంగ్ దాకా పోనక్కరలేదు.

కీడు మాట చివర ఉంది. తెలుగు మాట అచ్చుతో ముగియాలని మన నోరు పట్టుబడుతుంది, అందుకని పాత్3 కాస్తా ‘పాతు’ అవుతుంది. ఆ చిన్న ఉకారం రెండో అక్షరంగా నిలబడి టోన్‌ను సాగదీసి దాని రూపాన్నే మార్చేస్తుంది. నాలుకను పళ్ళ వెనక ఆనించి అక్కడే ఆపండి, వదలకండి, గాలి బయటికి రాకూడదు.

మీ ఉచ్చారణ సరిచూసుకోవడానికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మాటను ఫోనులో రికార్డు చేసి అందులో తెరిస్తే గొంతు ఎత్తు ఒక గీతగా కనిపిస్తుంది. కొలత పరిధిని మగవారు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడవారు 100 నుంచి 500 హెర్ట్జ్ మధ్య పెట్టుకుంటే గీత చక్కగా వస్తుంది. హాంకాంగ్ మనిషి గీత పక్కన మీ గీత పెట్టి ఆకారాన్ని పోల్చండి, అంకెలను కాదు. నాలుగో టోన్ దగ్గర గీత తెగిపోతే కంగారు పడకండి. ఆ టోన్‌లో చాలామంది గొంతు అడుక్కి దిగి గరగరలాడుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. కాంటొనీస్‌వారికి ఆ గరగర కూడా నాలుగో టోన్‌కు ఒక ఆనవాలే.

ప్రశ్న అడిగేటప్పుడు

మిగిలిన పెద్ద చిక్కు ప్రశ్నలది. మనం మాటతీరుకు జమకట్టే అలవాటు ఎంత తగ్గించుకున్నా, సందేహం వచ్చినప్పుడు వాక్యం చివర గొంతు దానంతటదే లేస్తుంది. మా, చోకా, వైట్‌హిల్ 2006లో చూపినట్టు, లేపి అడిగిన ప్రశ్నల చివర వచ్చే మూడు, నాలుగు, అయిదు, ఆరు టోన్లను స్వయంగా కాంటొనీస్‌వారే తరచు రెండో టోన్‌గా పొరబడతారు. పుట్టుకతో ఆ భాష వచ్చినవారికే తప్పనిది మనకు తప్పుతుందా?

అయితే కాంటొనీస్ ఇందుకు ఒక దారి ఇచ్చింది. తెలుగులో ‘వచ్చాడు’కు ఆకారం చేర్చి ‘వచ్చాడా’ అన్నట్టే, అక్కడ వాక్యం చివర ఒక చిన్న మాట చేరుస్తారు: ఆ4 అంటే ‘అవునా, అలాగా’ అన్న ధోరణి, మే1 అంటే నమ్మలేక అడగడం. వీటికి కూడా తమ టోన్లున్నాయి, వాటిని మార్చకూడదు. ఆ4 దిగుతూనే ప్రశ్న అడుగుతుంది, ఇది మన నోటికి మొదట్లో ఎదురీతలా ఉంటుంది. అందుకే మొదటి కొన్ని నెలలు గొంతుతో ప్రశ్న అడగడం పూర్తిగా మానేసి, ప్రతి ప్రశ్ననూ ఈ చివరి మాటలతోనే అడగండి. లేదా క్రియను కాదుతో కలిపి రెండుసార్లు చెప్పే పద్ధతి వాడండి: ‘వెళ్తావా’ అనడానికి హోయ్3 మ్4 హోయ్3, అంటే వెళ్ళడం-వెళ్ళకపోవడం. అందులో మధ్యమాట మూడో టోన్ల నడుమ దిగుతుంది కనుక, ప్రతిసారీ గొంతును మధ్యకు, అడుక్కి, మళ్ళీ మధ్యకు నడిపించే సాధన కూడా దానితోనే అయిపోతుంది.